మిస్ లోరింగ్ సుక్మాలో చనిపోయిన విధం

1938 ఫిబ్రవరి 10, గురువారం ఉదయం ఆరున్నరకు రాజమండ్రి రేవు నుంచి మా లాంచీ కదిలింది. ఆరు గంటలకే కదలవలసింది. మిస్ హెస్టర్ లోరింగ్ టోపీల పెట్టె బసలో ఉండిపోతే కూలీ వెనక్కి పోయి తెచ్చేసరికి అరగంట పట్టింది. దొరసాని పెట్టె గనుక లాంచీ ఆగింది. నా పెట్టె అయితే రాజమండ్రిలోనే ఉండేది.

మేమిద్దరం ఎవరమో ముందు చెబుతాను. నేను మిషను ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయినదాన్ని. నాకు అరవై మూడు. మిస్ లోరింగ్ ఇంగ్లీషు నటి. అరవై ఒకటి అని ఆమె చెప్పింది, అరవై ఆరు అని ఆమె పాస్‌పోర్టు చెప్పింది. బస్తరు సంస్థానంలో ఒక ఇంగ్లీషు కంపెనీ అడవి సినిమా తీస్తోంది. అందులో ఆమెకు వేషం ఉంది. గుండె బలహీనంగా ఉందనీ, నర్సు తోడు లేకుండా అడవిలోకి పంపవద్దనీ మద్రాసు డాక్టరు అన్నాడట. పనిలో ఉన్న నర్సులకు సెలవు దొరకలేదు. అలా నాకు వచ్చింది ఈ ప్రయాణం.

లాంచీ మీద

పాపికొండలు వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. గోదావరి సన్నబడి, కొండలు రెండు పక్కలా దగ్గరికి జరిగాక, కుర్చీ నా వైపు లాక్కుంది.

"సిస్టర్, మీరు ఎన్ని చావులు చూసి ఉంటారు?"

"మూడు వందల పన్నెండు. నా డ్యూటీలో జరిగినవి."

"నేను సుమారు రెండు వేలసార్లు చచ్చాను," అంది. "నేనూ డ్యూటీలోనే."

సుమారు అన్న మాట నాకు నచ్చదు. కానీ ఆ తరవాత ఆమె చెప్పినది వింటే, లెక్క పెట్టే తీరిక ఆమెకు ఎప్పుడూ దొరకలేదని అర్థమయింది.

ఆమె పుట్టింది లంకాషైరులో, నూలు మిల్లుల ఊళ్ళో. తండ్రి ఒక నాటకాల కంపెనీకి బూట్లు కుట్టేవాడు. ఆ కంపెనీలో చనిపోయిన పాపగా పడుకోవలసిన పిల్లకు గవదబిళ్ళలు వస్తే, ఏడేళ్ళ ఈమెను తెచ్చి పడుకోబెట్టారు. మొదటి వేషమే శవం. కదలకుండా ఉన్నందుకు మేనేజరు ఒక నారింజపండు ఇచ్చాడట. పన్నెండో ఏట పడిపోవడం నేర్చుకుంది: ముందు మోకాలు, తరవాత తుంటి, భుజం, అన్నిటికన్నా చివర తల. ఇరవై నాలుగో ఏటికి లండన్ చేరింది. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళు ఆమెది మహారాణి బతుకు. క్షయతో పోయింది, విషం తాగి పోయింది, కత్తిపోటుకు పోయింది, ఒక నాటకంలో మంచులో గడ్డకట్టి పోయింది. ఆమె ఎప్పుడు పడిపోతుందా అని జనం టికెట్టు కొని వచ్చేవారు. దక్షిణాఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా చచ్చి వచ్చింది. మూగ సినిమాలు వచ్చాక ఆ పెద్ద కళ్ళూ పొడుగు చేతులూ ఇంకా బాగా పనికొచ్చాయి.

"మరి మాటలొచ్చాక?"

"మాటలొచ్చాక నన్ను తలుపు తీసే ఆవిణ్ణి చేశారు. కిందటి సినిమాలో కుక్కను పట్టుకుని నిలుచున్నాను. కుక్కకు నాకంటే ఎక్కువ పని ఉంది."

ఈ సినిమాలో ఆమె కథానాయకుడి తల్లి. అడవిలో మిషను నడిపే ముసలావిడ. పల్లెజనం మధ్య మంచం మీద చనిపోతుంది. ఆమెకున్నది ఆ ఒక్క దృశ్యమే.

"అది ఉంటే నేను సినిమాలో ఉన్నాను. అది తీసేస్తే గోడమీద ఫొటోలో ఉంటాను. డైరెక్టరు కుర్రవాడు. నాటకాలవాళ్ళు కెమెరా ముందు అరుస్తారని వాడి భయం. తల్లి పోయిందని కొడుక్కి ఉత్తరం వస్తే చాలు కదా అని మొదటినుంచీ అంటున్నాడు. నా రెండు వేల చావులకూ బదులు ఒక తపాలా బిళ్ళ."

ఎలా చస్తుందో చూపించమన్నాను. అడగకుండా ఉండవలసింది. లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి, ఒక చెయ్యి గాలిలోకి చాపి దేన్నో వెతికి, కూలిపోయింది. పొగాకు వర్తకుడి భార్య ఒకామె చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి ముఖాన కొట్టింది. మిస్ లోరింగ్ కళ్ళు తెరిచి, తడి ముఖంతోనే ఆమెకు థాంక్స్ చెప్పింది.

"నేను చూసిన మూడు వందల పన్నెండు మందిలో ఒక్కరూ గాలిలో చెయ్యి చాపలేదు," అన్నాను తువ్వాలు ఇస్తూ. "ఎక్కువమంది గోడవైపు తిరిగారు. అంతే."

"వాళ్ళని టికెట్టు కొని ఎవరూ చూడలేదు కదా సిస్టర్," అంది.

కుంట

కూనవరంలో లాంచీ దిగి, కొంత దోనె మీదా కొంత ఎడ్లబండి మీదా శనివారం సాయంత్రానికి కుంట చేరాం. ఆ దారి గురించి రాయను. ఎవరి నడుమైనా ఒకేలా నొప్పి పుడుతుంది.

కుంట దగ్గర మద్రాసు ప్రెసిడెన్సీ అయిపోయి బస్తరు సంస్థానం మొదలవుతుంది. అక్కడ నాకా ఉంది. సరుకులకు సుంకం కట్టే చోటును అక్కడ నాకా అంటారు. గుమాస్తాకు తెలుగు బాగా వచ్చు. పెట్టెలు తెరిపించి ఒక్కొక్కటే బయట పెట్టించాడు. మొన లేని కత్తి దొరికింది. ‘విషం’ అని ఇంగ్లీషులో రాసిన ఖాళీ సీసా దొరికింది. ఎర్రరంగు సీసా దొరికింది. గోధుమరంగు విగ్గు దొరికింది. దాన్ని మాత్రం కర్రతో పైకెత్తాడు.

"ఏందమ్మా ఇదంతా? ఈ దొరసాని చేసే పని ఏంది?"

"వేషాలు వేస్తుంది."

"ఏం వేషం?"

"చచ్చిపోయే వేషం."

అతను సుంకాల పట్టీ తిరగేశాడు. "దానికి సుంకం రాసి లేదు," అని పెట్టెలు మూయించాడు.

ఆ ఊళ్ళో దుకాణాలన్నీ తెలుగువాళ్ళవే. మాట మాత్రం మన గోదావరి మాట కాదు, భద్రాచలం మాట. దుకాణదారు భార్య శబరి చేపల పులుసు పెట్టింది. మనం చింతపండు పిసుకుతాం. వాళ్ళు ఎండబెట్టిన గోంగూర వేశారు. నాకు వాళ్ళదే నచ్చింది, ఇంటికొచ్చాక రెండుసార్లు వండాను. కోడిగుడ్లు రాజమండ్రిలో అణాకు నాలుగు, కుంటలో తొమ్మిది. ఉప్పు మాత్రం మన దగ్గరికంటే రెట్టింపు. అడవిలోంచి తేనె తెచ్చి అమ్మేవాళ్ళు డబ్బు వద్దు, ఉప్పే ఇమ్మన్నారు.

రాత్రి మేం దిగిన బంగళాలో కాపలావాడు పెట్టెలను నేలమీద పెట్టవద్దు, ఇటుకల మీద పెట్టండి అన్నాడు. టోపీల పెట్టె మంచం పక్కనే నేలమీద ఉండాలని మిస్ లోరింగ్ పట్టుబట్టింది. పొద్దున చూస్తే చెదలు పెట్టె అడుగు తినేసి, పక్కనున్న బూట్లు తినేసి, లోపలి విగ్గులోకి ఎక్కాయి.

"జుట్టు తిన్నాయా?" అంది మంచం మీద నుంచే.

"జుట్టు తినలేదు. జుట్టు కుట్టిన వల తిన్నాయి."

వెంట్రుకలు విడివిడిగా మిగిలాయి. వాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరవాత కిటికీలోంచి ఊదేసింది. పదిహేనేళ్ళుగా తన సొంత జుట్టుతో ఎవరి ముందుకూ రాలేదట. సొంత జుట్టు పలచనిది, పూర్తిగా తెల్లనిది. నేను నా దువ్వెన ఇచ్చాను.

దోర్నపాల్ సంత

కంపెనీవాళ్ళ లారీ ఆదివారం వచ్చింది. డ్రైవరు ఖాదర్‌ది జగదల్‌పూర్. తెలుగు, హిందీ, హల్బీ ఒక్క వాక్యంలోనే కలిపి మాట్లాడతాడు. దోర్నపాల్‌లో సంత జరుగుతోంది. లారీ ఆపమన్నాను.

మన సంతల్లో అరుపులుంటాయి. అక్కడ అరుపు లేదు. ఆడవాళ్ళు చింతపండు, కరక్కాయలు, కుంకుళ్ళు చిన్న కుప్పలుగా పోసి, వెనక నెమ్మదిగా కూర్చుంటారు. బేరం కావాలంటే మనమే వంగి అడగాలి. మిస్ లోరింగ్‌ను చూడటానికి జనం మూగారు గాని ఎవరూ తోసుకోలేదు. ఒక ముసలామె దగ్గరికి వచ్చి, ఆ తెల్లజుట్టును రెండు వేళ్ళతో పట్టుకుని చూసి, మంచి నూలుకు తలాడించినట్టు తలాడించి వెళ్ళింది.

ఆకుదొప్పలో ఎర్రచీమల పచ్చడి అమ్ముతున్నారు. చీమలనూ వాటి గుడ్లనూ మిరపకాయ, ఉప్పు వేసి నూరతారు. దొప్పెడు పైసా. అరచెంచా నాలుక మీద వేసుకున్నాను. నిమ్మకాయకన్నా పులుపు. మిస్ లోరింగ్ దొప్ప మొత్తం ఖాళీ చేసింది. నాడి చూశాను, మామూలుగానే ఉంది.

అక్కడే ఉంగమ్మ దొరికింది. నలభై ఏళ్ళుంటాయి. చంకలో కోడిపెట్ట. లారీ ముందుకొచ్చి నిలబడింది.

"అవ్వా, మీరు తెలుగోళ్ళు గదా. సుక్మాకే గదా పోయేది. నన్ను ఎక్కించుకోండి."

"ఇది కంపెనీ లారీ," అన్నాను.

"కంపెనీ లారీకి బరువు ఎక్కువైతదా? నాకు నాలుగు భాషలొస్తయ్. మీ డ్రైవరుకు మూడే. ఆ మూడూ సరిగ రావు."

ఖాదర్ నవ్వి తలుపు తీశాడు. ఉంగమ్మ కుంట పక్క తెలుగు పల్లెలో పుట్టి, దోర్ల కోయవాళ్ళ ఇంట్లో పెరిగి, సుక్మా అవతల శబరి ఒడ్డు పల్లెకు కోడలైంది. సినిమా తీస్తున్నది ఆ పల్లెలోనే. ఎక్కిన కాసేపటికే మా ఇద్దరి సంగతులూ లాగేసింది.

"అయితే ఈ దొరసాని సొంతంగ ఏం పని చెయ్యదా? చచ్చుడేనా?"

ఇంగ్లీషులోకి చెప్పాను. మిస్ లోరింగ్ ఆలోచించి, "అవును," అంది.

"ఎట్ల చస్తదో చూడాలె," అంది ఉంగమ్మ. లారీ ఒక వాగులో దిగి ఎక్కేటప్పుడు నా థర్మామీటరు పగిలింది.

సుక్మా, మంగళవారం

డైరెక్టరు దొరకు ముప్పై నాలుగేళ్ళు. మర్యాదస్థుడే. మిస్ లోరింగ్ తెల్లజుట్టు చూసి సంతోషించాడు కూడా, విగ్గు తీయించే బాధ తప్పిందని. ఉంగమ్మవాళ్ళ పల్లెలో ఒక గుడిసె వసారాలో మంచం వేయించాడు. చుట్టూ కూర్చోవడానికి పల్లెవాళ్ళను యాభై మందిని కూలికి పిలిచాడు.

"మేడం, కెమెరా మీకు చాలా దగ్గరగా ఉంటుంది. కనురెప్ప కదిలించినా కొండ కదిలినంత కనబడుతుంది. ఊరికే కళ్ళు మూసి, తల ఇటు తిప్పండి. మీ చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుస్తారు. అంతే."

అతను చెప్పింది నాకు సబబుగా తోచింది. నేను చూసిన చావులు అలాంటివే. ఏడవమన్న మాట నేను తెలుగులో ఉంగమ్మకు చెప్పాను, ఉంగమ్మ వాళ్ళ భాషలో చెప్పింది. వాళ్ళు ఏదో అన్నారు.

"ఏమంటున్నారు?"

"ఏడవమంటే ఎట్ల ఏడుస్తం, ముందు ఆమెను చావనీయ్ అంటున్నరు."

మిస్ లోరింగ్ చెప్పినట్టే చేసింది. కళ్ళు మూసింది, తల తిప్పింది. వైద్యం తెలిసినవాళ్ళు ఎవరూ తప్పు పట్టలేని చావు. జనం చూస్తూ కూర్చున్నారు. ఒకతను ఆవులించాడు. వెనక ఒక పసిపిల్ల గట్టిగా ఏదో అడిగితే అందరూ నవ్వారు. ఆ అమ్మ నిద్రపోయిందా అని అడిగిందట. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. మూడోసారికి వెలుతురు పోయింది.

డైరెక్టరు మంచం పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. కోపంగా మాట్లాడలేదు. అదే ఆమెను ఎక్కువ బాధ పెట్టిందని నాకు తెలుసు.

"రేపు ఒక్కసారి ప్రయత్నిద్దాం మేడం. ఎల్లుండి మేం జగదల్‌పూర్ వెళ్ళిపోవాలి. రేపు కుదరకపోతే ఉత్తరం దృశ్యమే ఉంచుతాను. మీ తప్పు కాదు."

సాయంత్రం బంగళా వరండాలో కూర్చున్నాం. ఉంగమ్మ గుడ్లు తెచ్చింది. మిస్ లోరింగ్ నన్ను అడగమంది: పల్లెవాళ్ళు ఏమనుకున్నారు?

ఉంగమ్మ మొహమాటపడలేదు. "ఏమనుకుంటరు? ఆమె ఏం చేసింది? పండుకుంది. పండుకున్నోళ్ళను చూసుడే మా పనా? మాకు ఇంట్ల లేరా పండుకునేటోళ్ళు?"

చెప్పడానికి సంకోచించాను. చెప్పక తప్పలేదు. మిస్ లోరింగ్ కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"లండన్‌లో ఒక పత్రికవాడు నా గురించి ఇదే రాశాడు. వాడికి రెండు పేజీలు పట్టింది." తరవాత నవ్వు ఆపేసింది. "సిస్టర్, రేపు నా పద్ధతిలో చస్తాను. డైరెక్టరుకు ముందు చెప్పను. మీరేమంటారు?"

"మీ గుండెకు మంచిది కాదు."

"చావు సంగతి అడుగుతున్నాను."

"మీ పద్ధతిలో చచ్చినవాళ్ళు నా మూడు వందల పన్నెండులో లేరు. అతను చెప్పిందే నిజం."

"నిజమే," అంది. "ఇవాళ నిజంగానే చచ్చాను. పిల్లలు నవ్వారు."

మా మాటలు ఏంటని ఉంగమ్మ అడిగింది. దొరసాని రేపు వేరే పద్ధతిలో చస్తుందట అన్నాను. ఏ పద్ధతి అంది. పెద్ద పద్ధతి అన్నాను. ఉంగమ్మ గుడ్లబుట్ట తీసుకుని గబగబా నడిచి వెళ్ళిపోయింది.

సుక్మా, బుధవారం

మర్నాడు జనం యాభై మంది కారు. ఎనభై మంది ఉన్నారు. కూలి లేకపోయినా వచ్చారు. చాలామంది ఆడవాళ్ళ ఒళ్ళో మూతపెట్టిన బుట్టలున్నాయి. తిండి తెచ్చుకున్నారనుకున్నాను. కెమెరాలో పట్టే ఫిల్ము నాలుగున్నర నిమిషాలదని, తీయడం మొదలైతే ఎవరూ మాట్లాడకూడదని డైరెక్టరు చెప్పాడు.

కెమెరా తిరగడం మొదలయింది. మిస్ లోరింగ్ కళ్ళు మూయలేదు. మోచేతి మీద లేచింది. జనం ముఖాలను ఒక్కొక్కటే చూసింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు. ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. ఒక చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాలిలో అలా ఉండిపోయింది, వేళ్ళు ఒక్కటొక్కటిగా వంగాయి. కూలిపోతుందనుకునే సరికి మళ్ళీ లేచింది. మంచం దిగబోయింది. మోకాలు, తుంటి, భుజం. తల మంచంకోడుకు ఆనుకుని, నెమ్మదిగా నేలకు జారింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఇలాంటి జబ్బు వైద్యంలో లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నా కుడిచెయ్యి నా ఎడమ మణికట్టు మీదికి పోయి నా నాడినే పట్టుకుంది.

డైరెక్టరు టోపీ తీసి నేలకు కొట్టబోయి ఆగాడు. ఆవులించేవాళ్ళు లేరు. పిల్లలు కదలడం లేదు. ముందువరసలో ఒక ముసలామె లేచింది. బుట్ట మూత తీసి, మడత విప్పని కొత్తబట్ట బయటికి తీసింది. ఊళ్ళో నేసిన ముతక తెల్లబట్ట, ముదురెరుపు అంచు. కెమెరా ముందు నుంచి నేరుగా నడిచి వెళ్ళి, మిస్ లోరింగ్ కళ్ళు చేత్తో మూసి, ఆ బట్ట పాదాల నుంచి గొంతుదాకా కప్పింది. తరవాత గొంతెత్తి రాగం తీసింది.

డైరెక్టరు ఆపమని అరవడానికి నోరు తెరిచాడు. కెమెరామాన్ చేత్తో వద్దన్నాడు.

రెండో ఆమె లేచింది. ఇంకో బట్ట. తరవాత ఇద్దరిద్దరు, ముగ్గురేసి. మగవాళ్ళు కూడా. ఏడవమని ఎవరూ చెప్పలేదు. రాగం చుట్టూరా పాకింది. నా పక్కన ఉంగమ్మ చెంపలు తడిశాయి. ఆమె చెవిలో అడిగాను, ఇది ఏంటని.

"పోయినోళ్ళకు బట్ట పెట్టాలె గద. చావు చూసి ఉత్త చేతుల్తో పోతరా ఎవరన్న?"

"ఆవిడ చావలేదు ఉంగమ్మా. అది వేషం."

నన్ను పసిపిల్లను చూసినట్టు చూసింది. "వేషమని మాకు తెల్వదా ఏంది? కానీ బాగ చచ్చింది. నిన్న చావలేదు, నిన్న పెట్టలేదు. ఇయ్యాల చచ్చింది, పెడుతున్నం."

"బట్టలు ముందే ఎలా తెచ్చారు?"

"నువ్వే చెప్తివి గద రాత్రి, పెద్దగ చస్తదని. ఇంటింటికీ పోయి చెప్పిన."

పంతొమ్మిది బట్టలు పడ్డాయి. అప్పుడు కెమెరా చప్పుడు ఆగింది. ఫిల్ము అయిపోయింది. కెమెరామాన్ వెనక్కి జరిగాడు. కానీ ఆడవాళ్ళు ఆగలేదు. పన్నెండు గంటల ఎండ. పంతొమ్మిది ముతకబట్టల కింద, బాగాలేని గుండెతో ఒక అరవై ఆరేళ్ళ మనిషి. నేను నర్సును. అక్కడికి వెళ్ళాలి, కానీ ఆ వరసలోకి ఉత్త చేతులతో ఎలా పోను? నా భుజం మీది శాలువా తీసి, వాళ్ళ వెనకే నడిచి, ఆమె మీద కప్పాను. కప్పుతూ కింద చెయ్యి పెట్టి మణికట్టు పట్టుకున్నాను. నాడి గట్టిగా, సమంగా కొట్టుకుంటోంది. ఇరవై ఏళ్ళ పిల్ల నాడి.

వంగి ఆమె చెవిలో, "రీలు అయిపోయింది. లేవచ్చు," అన్నాను.

పెదవులు కదలకుండా ఎలా మాట్లాడిందో నాకు ఇప్పటికీ తెలియదు. "ఇంకా ఎంతమంది ఉన్నారు?"

లెక్కపెట్టాను. "పదకొండు మంది."

"రానివ్వండి," అంది.

పదకొండు మందీ వచ్చారు. చివర వచ్చినది నిన్న నిద్రపోయిందా అని అడిగిన పిల్ల తల్లి. ఆమె బట్ట కప్పి వెనక్కి తిరిగేదాకా మిస్ లోరింగ్ ఊపిరి ఎవరికీ కనబడలేదు. నాకు కూడా. తరవాత ఆ బట్టల కుప్ప కదిలింది. ఆమె లేచి కూర్చుని, తెల్లజుట్టు వెనక్కి తోసుకుని, పల్లెవాళ్ళకు వంగి నమస్కారం పెట్టింది. రాజుల ఎదుట అలా పెడతారట. రాగం తీసిన ముసలామే అందరికన్నా ముందు పగలబడి నవ్వింది. పల్లె పల్లెంతా నవ్వింది. ఉంగమ్మ ఆకుదొప్పలో జీలుగుకల్లు తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"తాగవే అక్కా. చచ్చి లేచుడంటే మాటలా?"

డాక్టరు కల్లు వద్దన్నాడు. నేను అటువైపు చూడలేదు.

డైరెక్టరు వచ్చాడు. టోపీ చేతిలోనే ఉంది. మాట తడబడుతూ, చాలా బాగుందని, అద్భుతమని, ఇంకొక్కసారి కెమెరా ముఖానికి దగ్గరగా పెట్టి తీసుకుంటానని అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. ఉంగమ్మ వాళ్ళ భాషలో చెప్పింది.

"మళ్ళీ చస్తే మళ్ళీ బట్టలు యాడ తేవాలె?" అంది ఉంగమ్మ. "ఒక మనిషికి ఒకసారే పెడతం. ఆయనకు కావాలంటే ఆయన చావచ్చు, ఆలోచిస్తం."

మొదటి సగం ఇంగ్లీషులోకి చెప్పాను. రెండో సగం మిస్ లోరింగ్‌కు ఒక్కదానికే చెప్పాను.

జగదల్‌పూర్

కప్పిన బట్టలు తిరిగి తీసుకోకూడదు. అవి పోయినవాళ్ళవే. అందుకని గురువారం లారీలో మాతో పాటు, నా శాలువాతో కలిపి, ముప్పై ఒక్క బట్టలు బయలుదేరాయి. దర్భ ఘాటీ కొండదారి ఎక్కుతున్నప్పుడు చలి వేస్తే మిస్ లోరింగ్ వాటిలో రెండు నాకు కప్పింది. నా శాలువా తన భుజాన వేసుకుంది.

జగదల్‌పూర్‌లో ఇత్తడి పోతపోసేవాళ్ళ పని చూశాను, ముప్పావలాకు ఒక దీపపు కుంది కొన్నాను. ఆ ఊళ్ళో దొరలు మిస్ లోరింగ్‌ను టీకి పిలిచి, అడవిలో ఆడవాళ్ళు పాపం ఆమె నిజంగా చనిపోయిందనుకుని భయపడ్డారా అని అడిగారు.

"లేదు," అంది ఆమె. "నా ఇన్నేళ్ళ పనిలో అంత తెలిసిన ప్రేక్షకులు దొరకలేదు. మంగళవారం నాది బాగాలేదని మొహాన చెప్పారు. బుధవారం బాగుందని చెప్పారు. రెండుసార్లూ వాళ్ళదే రైటు."

ఆదివారం ఆమె కంపెనీతో రాయపూరు వైపు వెళ్ళింది. లారీ ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "మీ లెక్కలో నన్ను కలుపుతారా సిస్టర్?" అంది. కలపలేనని చెప్పాను. ఆమె లేచి కూర్చుంది కదా.

ఈ నెల లండన్ నుంచి ఆమె జాబు వచ్చింది. ఉత్తరం దృశ్యం తీసేశారట. చావు దృశ్యంలో ఒక్క అడుగు కూడా కత్తిరించలేదట, పంతొమ్మిది బట్టలూ ఉన్నాయట. సినిమా చూడటానికి వచ్చినవాళ్ళు అక్కడ లేచి నిలబడుతున్నారట. ఆమె పేరు కింది వరస నుంచి మూడో వరసకు వచ్చింది. ఇంకో రెండు సినిమాలు ఒప్పుకుంది. రెండింటిలోనూ చస్తుంది. నాడి ఎలా ఉందో రాయలేదు. రాయమని జవాబిచ్చాను.

బస్తరు వెళ్ళదలచినవాళ్ళు ఉప్పు తీసుకెళ్ళండి, పెట్టెలు ఇటుకల మీద పెట్టించండి, ఎవరైనా బాగా చస్తారని తెలిస్తే ఒక కొత్తబట్ట దగ్గర ఉంచుకోండి.

ఈ ప్రయాణంలో పోయినవి: విగ్గు ఒకటి. బూట్లు ఒక జత. థర్మామీటరు ఒకటి. నా శాలువా. రీలు అయిపోయాక కప్పిన బట్టలు పదకొండు, నాది కాక. అవి ఏ సినిమాలోనూ లేవు.